ఆడేవారే హాలు వెతకాలి: ఐర్లాండ్‌లో ఒక యువ చెస్ క్రీడాకారుడి జీవితం ఎలా నడుస్తుంది?

ఐర్లాండ్ తరఫున అంతర్జాతీయ చెస్ పోటీల్లో ఆడినవారిలో తరుణ్ కన్యమరల, త్రిష కన్యమరల ఉన్నారు. ఆ ఇంటిపేరు చూడగానే తెలుగువారికి ఆసక్తి కలగడం సహజం. దాంతోపాటే కొన్ని సందేహాలూ వస్తాయి. అక్కడి పిల్లలు ఎక్కడ ఆడతారు? మన దగ్గరలా అకాడమీలు, స్పాన్సర్లు, గెలిచి వచ్చినవారికి నజరానాలు ఉంటాయా? పద్దెనిమిది, ఇరవై ఏళ్ల ఆటగాళ్లు అక్కడ పోటీలు ఆడటంతో ఆగకుండా క్లబ్ కార్యదర్శులుగా, జట్టు కెప్టెన్లుగా, టోర్నమెంటు నిర్వాహకులుగా కూడా ఎందుకు పని చేస్తుంటారు? మన దగ్గర ఆ వయసు ఆటగాడు కుర్చీలు సర్దడం ఎవరూ చూసి ఉండరు.

సంక్షిప్తంగా

చెస్‌లో టైటిల్, అంటే ఇంటర్నేషనల్ మాస్టర్, గ్రాండ్‌మాస్టర్ లాంటి హోదా, రావాలంటే ప్రతిభతోపాటు సరైన పోటీ కావాలి. కనీసం 9 రౌండ్లు, టైటిల్ ఉన్న ప్రత్యర్థులు, విదేశీ ఆటగాళ్లు ఉండాలి. ఐర్లాండ్‌లో అందరూ ఇష్టపడే పోటీలు ఎక్కువగా వారాంతంలో ముగిసే 6 రౌండ్లవి. ఆ లోటు పూడ్చాలంటే ఎవరో ఒకరు పెద్ద పోటీ పెట్టాలి. జీతం తీసుకుని ఆ పని చేసే వ్యవస్థ అక్కడ లేదు కాబట్టి భారం ఆటగాళ్ల మీదే పడుతోంది. అక్కడి చెస్ ఒకటిన్నర శతాబ్దంగా బతికి ఉండటానికీ, పై స్థాయికి ఆలస్యంగా చేరడానికీ ఇదే కారణం.

ఒకే ద్వీపం, ఒకే సంఘం

ఐర్లాండ్ ద్వీపంలో రెండు రాజకీయ భాగాలున్నాయి. 2022 జనాభా లెక్కల ప్రకారం ఐర్లాండ్ రిపబ్లిక్‌లో సుమారు 51.5 లక్షల మంది ఉన్నారు. బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లాండ్‌లో 2021 లెక్కల ప్రకారం సుమారు 19 లక్షలు. రెండూ కలిపినా మహా హైదరాబాద్ జనాభా కంటే తక్కువే. చెస్ వరకు మాత్రం ఈ ద్వీపం ఒక్కటే. 1912లో ఏర్పడిన ఐరిష్ చెస్ యూనియన్ సరిహద్దుకు రెండు వైపులా ఆటను చూసుకుంటుంది. దాని కింద లెన్‌స్టర్, మన్‌స్టర్, అల్‌స్టర్, కొనాక్ట్ ప్రాంతాల సంఘాలున్నాయి.

యూనియన్ కార్యవర్గాన్ని సర్వసభ్య సమావేశంలో ఎన్నుకుంటారు. ఛైర్మన్, కోశాధికారి, రేటింగ్స్ (ఆటగాళ్ల బలాన్ని చూపే అంకెలు) చూసేవారు, పోటీల బాధ్యులు, జూనియర్ల బాధ్యులు అందరూ స్వచ్ఛందంగా పని చేసేవారే. పగలు ఉద్యోగమో చదువో చూసుకుని, రాత్రి ఈమెయిళ్లకు జవాబులు రాస్తారు.

చెస్ సంవత్సరమంతా ఆధారపడేది లీగుల మీద. డబ్లిన్ చుట్టుపక్కల ఆడే లెన్‌స్టర్ లీగులో పై డివిజన్ పేరు ఆర్మ్‌స్ట్రాంగ్ కప్. ఇది 1888-89 నుంచి ఉంది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగు మొదలైన సీజన్ కూడా అదే కావడం విశేషం. మ్యాచ్‌లు పని రోజుల సాయంత్రాలు జరుగుతాయి. ఆతిథ్యమిచ్చే క్లబ్ హాలు తెరిచి, బోర్డులు పరిచి, క్లాకులు సరిచూడాలి. కెప్టెన్ వారం ముందు నుంచే ఎవరు వస్తారో, ఎవరు రారో ఫోన్లు చేసి తెలుసుకోవాలి. ఎవరైనా రాకపోతే ఆ బోర్డు పాయింటు అవతలి జట్టుకు పోతుంది. అందుకే చివరి నిమిషంలో టెన్షన్ పడేది ఎప్పుడూ కెప్టెనే. క్లబ్‌లో ఆట బాగా వచ్చి, ఫోన్ వెంటనే ఎత్తే కుర్రవాడికి ఈ బాధ్యత అప్పగించడం మామూలు. నిర్వాహకుడిగా అతని జీవితం అక్కడే మొదలవుతుంది.

వారాంతం ఇచ్చేదేమిటి, ఇవ్వనిదేమిటి

ఐర్లాండ్ చెస్‌లో ఎక్కువ మంది ఎదురుచూసే పోటీ బన్‌రాటీ చెస్ ఫెస్టివల్. క్లేర్ కౌంటీలో, షానన్ విమానాశ్రయానికి దగ్గర్లో, ఫిబ్రవరిలో జరుగుతుంది. శుక్రవారం సాయంత్రం మొదలై ఆదివారం ముగిసేలోపు 6 రౌండ్లు ఆడతారు. నైజెల్ షార్ట్ లాంటి ప్రపంచ స్థాయి ఆటగాళ్లు అక్కడికి వచ్చి ఆడారు. రాత్రి పొద్దుపోయే వరకు హోటల్ బార్‌లో సరదా ఆటలు నడుస్తాయి. నవంబరులో జరిగే కిల్‌కెన్నీ కాంగ్రెస్ కూడా ఇదే తరహా. ఒక పదిహేనేళ్ల పిల్లవాడు పొద్దున గ్రాండ్‌మాస్టర్‌తో పోటీలో తలపడి, రాత్రి అదే గ్రాండ్‌మాస్టర్ పక్కన కూర్చుని ఆ ఆట గురించి మాట్లాడే అవకాశం చాలా పెద్ద దేశాల్లో కూడా దొరకదు.

అయితే ఇంటర్నేషనల్ మాస్టర్ లేదా గ్రాండ్‌మాస్టర్ కావాలనుకునేవారికి ఈ పోటీ పెద్దగా ఉపయోగపడదు. కారణం రౌండ్ల సంఖ్య. ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే నిబంధనల ప్రకారం టైటిల్‌కు అవసరమైన 'నార్మ్' (ఒక పోటీలో ఆ టైటిల్ స్థాయి ఆటతీరు చూపితే దక్కే గుర్తింపు) సాధారణంగా 9 లేదా అంతకంటే ఎక్కువ ఆటలున్న పోటీలోనే వస్తుంది. మూడు రోజుల్లో 6 ఆటలు ఎంత గొప్పగా ఆడినా నార్మ్ రాదు. రేటింగ్ పెరగవచ్చు. అంతే.

వేసవిలో జరిగే జాతీయ ఛాంపియన్‌షిప్‌లో 9 రౌండ్లు ఉంటాయి. జాతీయ ఛాంపియన్‌షిప్‌లకు విదేశీ ఆటగాళ్ల నిబంధన నుంచి మినహాయింపు కూడా ఉంది. అయినా టైటిల్ ఉన్న ప్రత్యర్థులు తగినంత మంది ఎదురుపడాలన్న షరతు అలాగే ఉంటుంది. స్వదేశంలో అలాంటివారు కొద్దిమందే. వారిలో కొందరు ఉద్యోగాల వల్ల ఆ వారం సెలవు పెట్టలేరు. దాంతో జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిచినవారికి కూడా నార్మ్ అందకపోవచ్చు.

నార్మ్ లెక్క

అసలు చిక్కు ఈ లెక్కలోనే ఉంది కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చూడాలి.

గ్రాండ్‌మాస్టర్ కావాలంటే 2500 రేటింగ్, మొత్తం కనీసం 27 ఆటల నార్మ్‌లు కావాలి. ఒక పోటీ 9 ఆటలైతే మూడు నార్మ్‌లన్న మాట. ఇంటర్నేషనల్ మాస్టర్‌కు రేటింగ్ హద్దు 2400. గ్రాండ్‌మాస్టర్ నార్మ్‌కు ఆ పోటీలో ఆటతీరు 2600 స్థాయిలో ఉండాలి, ప్రత్యర్థుల సగటు రేటింగ్ కనీసం 2380 ఉండాలి. ఇంటర్నేషనల్ మాస్టర్ నార్మ్‌కు ఆ అంకెలు వరుసగా 2450, 2230. ప్రత్యర్థుల్లో సగం మందికైనా టైటిళ్లుండాలి. గ్రాండ్‌మాస్టర్ నార్మ్ అయితే కనీసం ముగ్గురు గ్రాండ్‌మాస్టర్లతో ఆడాలి. సొంత దేశం కాక మరో రెండు దేశాల ఆటగాళ్లైనా ఎదురుపడాలి. సొంత దేశంవారు ప్రత్యర్థుల్లో అయిదింట మూడు వంతులు మించకూడదు.

ఇప్పుడు ఇంటర్నేషనల్ మాస్టర్ నార్మ్ కోసం ఆడే ఒక డబ్లిన్ కుర్రవాడిని ఊహించుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ప్రత్యర్థుల సగటు 2230 మాత్రమే అయితే అతను 9 ఆటల్లో 7 పాయింట్లు తెచ్చుకోవాలి. ఒకట్రెండు చిన్న తప్పులు చేసినా అవకాశం పోయినట్టే. సగటు 2380 అయితే అయిదున్నర చాలు. అంటే పోటీ ఎంత బలంగా ఉంటే నార్మ్ అంత అందుబాటులోకి వస్తుంది. బలమైన పోటీ పెట్టాలంటే బయటి దేశాల నుంచి టైటిల్ ఉన్నవారిని రప్పించాలి. వారికి విమాన టికెట్లు, హోటల్ గదులు, ఆడినందుకు పారితోషికం ఇవ్వాలి. డబ్లిన్‌లో హోటల్ గదుల ధరలు తెలిసినవారికి ఆ బిల్లు ఎంత అవుతుందో చెప్పనక్కర్లేదు.

ఐర్లాండ్ భౌగోళికంగా కూడా పక్కకు ఉంది. హంగరీ, సెర్బియా, స్పెయిన్ లాంటి చోట్ల ఒక పోటీ అయ్యాక రైల్లోనో బస్సులోనో మరో పోటీకి వెళ్లవచ్చు. బుడాపెస్ట్‌లో లాస్లో నాజ్ అనే నిర్వాహకుడు నెలనెలా 'ఫస్ట్ సాటర్‌డే' పేరుతో నార్మ్ పోటీలు నడిపారు. వాటిలో ఆడిన భారతీయులు ఎందరో. ఐర్లాండ్‌కు సముద్రం దాటి రావాలి. పైగా ఐర్లాండ్ షెన్‌జెన్ ఒప్పందంలో లేదు. షెన్‌జెన్ వీసాతో యూరప్ తిరిగే మన యువ ఆటగాడు ఆ వీసాతో డబ్లిన్‌లో అడుగుపెట్టలేడు. బ్రిటన్, ఐర్లాండ్ రెండింటికీ కలిపి భారతీయులకు స్వల్పకాల వీసా ఏర్పాటు ఉన్నా అది వేరే దరఖాస్తు, వేరే ఖర్చు. విదేశీ ఆటగాళ్లు తమంతట తాము వచ్చి చేరే దారి ఇలా సన్నబడుతుంది. పిలిపించే పని నిర్వాహకుడి మీద పడుతుంది.

రెండో దారి ఆటగాడే బయటికి వెళ్లడం. ఇంగ్లండ్‌లో వారాంతాల్లో జరిగే 4ఎన్‌సీఎల్ లీగు ఐరిష్ ఆటగాళ్లకు దగ్గరి అవకాశం. యూరప్ ఓపెన్ టోర్నమెంట్లు మరో అవకాశం. వీటికి డబ్బు కుటుంబమే పెట్టుకోవాలి. అందుకే పై స్థాయికి వెళ్లేవారి సంఖ్య ప్రతిభకంటే ఇంటి ఆర్థిక స్థితి మీద ఎక్కువగా ఆధారపడుతుంది. స్వదేశంలో పోటీ పెట్టగల నిర్వాహకుడు ఒక్కడున్నా పదిమంది పిల్లల ప్రయాణ ఖర్చు తగ్గుతుంది. అక్కడి యువ ఆటగాళ్లు నిర్వహణ వైపు మొగ్గడానికి సేవాభావం ఒక కారణమైతే, ఈ లెక్క రెండో కారణం.

వయసుతోపాటు మారే పని

ఐరిష్ పిల్లలకు చెస్ మొదట పరిచయమయ్యేది ఎక్కువగా ప్రాథమిక పాఠశాలలో. ఉపాధ్యాయులు చొరవ తీసుకుని తరగతి గదిలోనే నేర్పే బడులున్నాయి. డబ్లిన్‌లోని గోంజాగా కళాశాల లాంటి కొన్ని ఉన్నత పాఠశాలలకు చెస్‌లో మంచి పేరుంది. గోంజాగా క్లబ్ పెద్దవాళ్ల లీగులోనూ జట్టు దింపుతుంది, జనవరిలో తన సొంత పోటీ కూడా పెడుతుంది.

పదిహేను, పదహారేళ్ల వయసులో ఐరిష్ విద్యావిధానం ఒక అరుదైన వెసులుబాటు ఇస్తుంది. దాని పేరు ట్రాన్సిషన్ ఇయర్. 1974లో ప్రయోగంగా మొదలైంది. జూనియర్ పరీక్ష అయ్యాక, పెద్ద పరీక్ష చదువు మొదలయ్యే ముందు, ఒక ఏడాది పాటు ప్రభుత్వ పరీక్ష ఒత్తిడి లేకుండా విద్యార్థులు పని అనుభవం, ప్రాజెక్టులు, సమాజ సేవ చేయవచ్చు. చాలా బడుల్లో ఇది ఐచ్ఛికం. చెస్ ఆడే పిల్లలకు ఇది రెండు విధాలుగా పనికొస్తుంది. వారం మధ్యలో విదేశీ పోటీకి వెళ్లినా చదువు పెద్దగా దెబ్బతినదు. చిన్న తరగతుల పిల్లలకు చెస్ నేర్పడం, బడిలో పోటీ నడపడం ప్రాజెక్టుగా చెల్లుతుంది. పదో తరగతి కాగానే ఐఐటీ కోచింగ్‌లో చేరే మన పిల్లలకు ఇలాంటి ఏడాది ఊహకు కూడా అందదు. యువ నిర్వాహకులు అక్కడ తయారవడంలో ఈ ఒక్క సంవత్సరం పాత్రను తక్కువగా చూడకూడదు.

తర్వాతి రెండేళ్లు లీవింగ్ సర్టిఫికెట్ పరీక్షవి. ఆరు ఉత్తమ సబ్జెక్టుల మార్కులను పాయింట్లుగా మార్చి, గరిష్ఠంగా 625కు లెక్కించి, దాని ఆధారంగా విశ్వవిద్యాలయ సీట్లు ఇస్తారు. అసలు పరీక్ష జూన్‌లో. దానికి ముందు బడుల్లో పెట్టే నమూనా పరీక్షలు చాలా చోట్ల ఫిబ్రవరి ప్రాంతంలో, అంటే బన్‌రాటీ సమయంలోనే వస్తాయి. చాలామంది ఆట ఇక్కడ నెమ్మదిస్తుంది. కొందరిది ఆగిపోతుంది. వైద్యమో ఇంజనీరింగో చదవాలనుకునే పిల్లల తల్లిదండ్రులు రెండేళ్లు చెస్ పక్కన పెట్టమంటే తప్పుపట్టలేం. ఐర్లాండ్‌లో చెస్ మీదే బతికేవారు చాలా కొద్దిమంది.

విశ్వవిద్యాలయంలో చేరాక మళ్లీ తలుపు తెరుచుకుంటుంది. ఈసారి నిర్వాహకుడిగా తెరుచుకునే అవకాశం ఎక్కువ. విద్యార్థి క్లబ్‌కు కార్యదర్శి కావాలి, లీగు జట్టుకు కెప్టెన్ కావాలి, నిధుల కోసం విశ్వవిద్యాలయానికి దరఖాస్తు రాయాలి. పద్దెనిమిది నిండితే పిల్లల పోటీల్లో పని చేయాలన్నా దానికో పద్ధతి ఉంది. 2016 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం పిల్లలతో పని చేసే వాలంటీర్ల నేపథ్యాన్ని ఐరిష్ పోలీసు విభాగమైన గార్దా పరిశీలించాలి. ఆ పత్రం లేకుండా జూనియర్ శిక్షణ శిబిరంలో బాధ్యత అప్పగించరు. ఫిడే ఆర్బిటర్ (పోటీ న్యాయనిర్ణేత) అర్హత కోసం సెమినార్లు, పరీక్ష వేరే. నార్మ్ పోటీ అయితే ముందుగానే ఫిడే వద్ద నమోదు చేయించాలి, ఫలితాలను నిర్ణీత రూపంలో పంపాలి.

ఇదే పోటీలో తానూ ఆడితే? నార్మ్ పోటీకి చీఫ్ ఆర్బిటర్‌గా ఉన్నవారు ఆ పోటీలో ఆడకూడదు. నిర్వాహకుడికి అలాంటి నిషేధం లేదు. కానీ మొదటి రౌండుకు ముందు విమానాశ్రయం నుంచి ఒక గ్రాండ్‌మాస్టర్‌ను తీసుకొచ్చి, హాల్లో వేడి సరిపోవడం లేదని హోటల్ వారితో మాట్లాడి, తర్వాత బోర్డు ముందు కూర్చుని నాలుగు గంటలు ఏకాగ్రతతో ఆడటమంటే తన పెళ్లికి తానే వంట చేసుకోవడం లాంటిది. పోటీ లేకపోతే నార్మ్ అవకాశమే లేదు. పోటీ పెడితే ఆడటానికి కావలసిన ప్రశాంతత లేదు. ఐరిష్ యువ ఆటగాడి జీవితంలో అసలైన సంకటం ఇదే.

చరిత్రలో ఇదే కథ

ఈ పరిస్థితి కొత్తది కాదు. బెల్‌ఫాస్ట్‌లో 1798లో పుట్టిన అలెగ్జాండర్ మెక్‌డొనెల్ 1834లో లండన్‌లో ఫ్రాన్స్ ఆటగాడు లా బూర్దొనేతో 85 ఆటలు ఆడారు. లా బూర్దొనే 45, మెక్‌డొనెల్ 27 గెలిచారు, 13 డ్రా అయ్యాయి. ఆ కాలంలో ప్రపంచంలోనే అత్యుత్తమ పోటీగా దాన్ని చెప్పుకుంటారు. మెక్‌డొనెల్‌కు ఆడే తీరిక ఎలా దొరికిందన్నది కూడా చూడాలి. ఆయన వెస్టిండీస్ వర్తకుల సంఘానికి కార్యదర్శి. బానిసల శ్రమతో నడిచిన తోటల యజమానుల పక్షాన వాదించే ఉద్యోగం అది. ఆ సంపద, ఆ లండన్ క్లబ్ వాతావరణం రెండూ ఐర్లాండ్ బయటివే. మరుసటి ఏడాదే ఆయన మరణించారు.

స్వదేశంలో ఆటను నిలబెట్టినవారు వేరే. 1885లో ఏర్పడిన ఐరిష్ చెస్ అసోసియేషన్ వెనుక థామస్ రోలాండ్ కృషి ఉంది. ఆయన భార్య ఫ్రైడ్స్‌వైడ్ రోలాండ్ చెస్ సమస్యల రూపకర్తగా పేరు తెచ్చుకున్నారు. ఇద్దరూ కలిసి పత్రికల్లో చెస్ శీర్షికలు నడిపారు, ఉత్తరాల ద్వారా ఆడే పోటీలు పెట్టారు. ఊరూరా ఒంటరిగా ఉన్న ఆటగాళ్లను ఒకరికొకరిని కలిపింది ఆ ఉత్తరాలే. ఛాంపియన్ల జాబితాలు గుర్తుంచుకునే చరిత్ర ఇలాంటివారికి తగినంత చోటు ఇవ్వలేదు.

ఇరవయ్యో శతాబ్దంలో పోర్టడౌన్‌కు చెందిన జె.జె. ఓహాన్లన్ 9 సార్లు ఐరిష్ ఛాంపియన్ అయ్యారు. ప్రపంచానికి మాత్రం ఆయన 1930లో నీస్‌లో ఎడ్గార్ కోల్ చేతిలో ఓడిన ఒక్క ఆటతోనే గుర్తున్నారు. రాజు ముందున్న బంటును శకటు బలితో కొట్టే దాడికి అది పాఠ్య ఉదాహరణ అయిపోయింది. ఫ్రాన్స్‌లోని మెంటన్‌లో పుట్టిన బ్రయన్ రైలీ 1935 వార్సా ఒలింపియాడ్‌లో ఐర్లాండ్ తరఫున ఆడి అమెరికా దిగ్గజం రూబెన్ ఫైన్‌ను ఓడించారు. తర్వాత మూడు దశాబ్దాలకు పైగా ఆయన చేసిన పని ఇంగ్లండ్‌లో ఒక చెస్ పత్రికకు సంపాదకత్వం.

మరో ధోరణి ఇక్కడ కనిపిస్తుంది. ఐరిష్ చెస్ స్థాయిని పెంచినవారిలో బయటి నుంచి వచ్చినవారి వాటా పెద్దది. బెర్లిన్‌లో పుట్టి, నాజీల కాలంలో దక్షిణాఫ్రికా చేరి, తర్వాత ఐర్లాండ్‌లో స్థిరపడిన వోల్ఫ్‌గాంగ్ హైడెన్‌ఫెల్డ్ పలుమార్లు జాతీయ ఛాంపియన్. ఆయన కుమారుడు మార్క్ ఇంటర్నేషనల్ మాస్టర్. లెన్‌స్టర్ లీగు డివిజన్లలో ఒకటి హైడెన్‌ఫెల్డ్ పేరుతో, మరొకటి ఓహాన్లన్ పేరుతో నడుస్తున్నాయి. రష్యాలోని గోర్కీలో పుట్టిన అలెగ్జాండర్ బబురిన్ 1993లో ఐర్లాండ్ వచ్చి 1996లో గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. ఆ దేశంలో స్థిరపడిన తొలి గ్రాండ్‌మాస్టర్ ఆయనే. ఆయనా ఆటతో ఆగలేదు. 2000లో ఇంటర్నెట్ ద్వారా రోజూ వెలువడే చెస్ పత్రిక 'చెస్ టుడే' మొదలుపెట్టారు. సోవియట్ శిక్షణ పొందిన వ్యక్తి కూడా ఐర్లాండ్‌లో అడుగుపెట్టాక కోచ్, సంపాదకుడు కావలసి వచ్చిందంటే అక్కడి ఆర్థిక పరిస్థితి అర్థమవుతుంది.

ఐస్‌లాండ్, ఇంగ్లండ్, మద్రాసు

చిన్న దేశం కాబట్టి గ్రాండ్‌మాస్టర్లు రాలేదనే వాదన ఐస్‌లాండ్ దగ్గర నిలవదు. నాలుగు లక్షల జనాభా కూడా లేని ఆ దేశం నుంచి డజనుకు పైగా గ్రాండ్‌మాస్టర్లు వచ్చారు. ఫ్రిద్రిక్ ఓలాఫ్‌సన్ 1958లోనే ఆ టైటిల్ సాధించి, 1978 నుంచి 1982 వరకు ఫిడే అధ్యక్షుడిగా పని చేశారు. అక్కడ రెండు విషయాలు కలిసొచ్చాయి. 1964లో మొదలైన రెక్యావిక్ అంతర్జాతీయ పోటీ విదేశీ ఆటగాళ్లను క్రమం తప్పకుండా ఇంటికే రప్పించింది. తొలి పోటీ గెలిచింది మాజీ ప్రపంచ ఛాంపియన్ మిఖాయిల్ తాల్. రెండోది, గ్రాండ్‌మాస్టర్లకు జీతం ఇచ్చేందుకు ప్రభుత్వం చట్టం ద్వారా నిధి ఏర్పాటు చేసింది. అంటే ఆటగాడు ఆడవచ్చు, నిర్వహణ మరొకరు చూసుకుంటారు. 1972 ఫిషర్, స్పాస్కీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీ అక్కడ జరిగిందని అందరికీ తెలుసు. కానీ ఆ పోటీ లేకపోయినా పునాది అప్పటికే ఉంది.

ఇంగ్లండ్‌లో ప్రైవేటు డబ్బు పని చేసింది. వ్యాపారి జిమ్ స్లేటర్ తొలి బ్రిటిష్ గ్రాండ్‌మాస్టర్‌కు 5,000 పౌండ్లు ప్రకటించారు. 1976లో టోనీ మైల్స్ ఆ మొత్తం గెలుచుకున్నారు. పదేళ్లు తిరిగేసరికి ఇంగ్లండ్ ప్రపంచంలోని బలమైన జట్లలో ఒకటయింది.

ఐరిష్ నమూనాకు దగ్గరగా కనిపించేది మాత్రం పాత మద్రాసు. 1961లో భారత తొలి ఇంటర్నేషనల్ మాస్టర్ అయిన మాన్యుయెల్ ఆరన్ తన ఆట తాను చూసుకుంటూనే 1972లో సోవియట్ సాంస్కృతిక కేంద్రంలో తాల్ చెస్ క్లబ్ ఏర్పాటుకు కృషి చేశారు. చిన్న వయసులో విశ్వనాథన్ ఆనంద్ ఆడింది ఆ క్లబ్‌లోనే. 1988లో ఆనంద్ భారత తొలి గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. అంటే ఆటగాడే నిర్వాహకుడు కావడం ఒక దశలో మేలే చేసింది. తేడా తర్వాత వచ్చింది. ఆనంద్ తర్వాత భారత్‌లో ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగాలు, స్పాన్సర్లు, అకాడమీలు వచ్చి ఆటగాడి భుజం మీది బరువు దించాయి. 2001లో గ్రాండ్‌మాస్టర్ అయిన పెంటల హరికృష్ణకు, మరుసటి ఏడాది పదిహేనేళ్ల వయసులో ఆ టైటిల్ సాధించిన కోనేరు హంపికి హాళ్లు బుక్ చేయాల్సిన అవసరం రాలేదు. ఐర్లాండ్ ఇంకా ఆ మలుపు దాటలేదు.

చిన్న చెరువులో రేటింగ్

రేటింగ్ గురించి కూడా తల్లిదండ్రుల్లో అయోమయం ఉంది. కొద్దిమందే మళ్లీ మళ్లీ ఒకరితో ఒకరు ఆడే చోట, పిల్లల ఆట వేగంగా మెరుగవుతుంటే వారి రేటింగ్ వెనకబడుతుంది. ఉదాహరణకు ఆట 2000 స్థాయికి చేరినా రేటింగ్ 1600 దగ్గరే ఉన్న పిల్లవాడు, 2000 రేటింగ్ ఉన్న పెద్దాయనను ఓడించాడనుకుందాం. పద్దెనిమిదేళ్ల లోపు, 2300 కంటే తక్కువ ఉన్నవారికి, ఒక ఆటతో రేటింగ్ ఎంత మారవచ్చో నిర్ణయించే ఫిడే గుణకం 40. కాబట్టి పిల్లవాడికి సుమారు 37 పాయింట్లు వస్తాయి. పెద్దాయన గుణకం 20 అయితే ఆయనకు సుమారు 18 పోతాయి. ఆయన ఆట తగ్గలేదు. ఏడాదికి ఇలాంటి ఆటలు నాలుగైదు ఆడితే రేటింగ్ కరిగిపోతుంది. కొందరు పెద్దలు లీగులకు దూరం కావడానికి ఇదీ ఒక కారణం. వారు దూరమైతే పిల్లలకు గట్టి ప్రత్యర్థులు తగ్గుతారు.

ఇది ఐర్లాండ్ ఒక్కదాని సమస్య కాదు కాబట్టే ఫిడే 2024 మార్చిలో ఒకసారికి సవరణ చేసింది. 2000 కంటే తక్కువ ఉన్నవారి రేటింగ్‌ను, 2000కు ఉన్న తేడాలో 40 శాతం మేర పెంచింది. 1500 ఉన్నవారు 1700 అయ్యారు. కనీస రేటింగ్‌ను 1400 చేసింది. 2024కు ముందు, తర్వాత అంకెలను పక్కపక్కన పెట్టి పిల్లవాడి ఎదుగుదలను కొలిస్తే తప్పు నిర్ధారణకు వస్తారు. ఐరిష్ చెస్ యూనియన్ సొంత జాతీయ రేటింగ్ కూడా నడుపుతుంది. ఆ రెంటినీ కలిపి చూడకూడదు.

ముందు ఏం జరగవచ్చు

ఆటగాళ్ల వైపు చూస్తే ఐర్లాండ్ పరిస్థితి మెరుగుపడే సూచనలే ఎక్కువ. 2022 లెక్కల ప్రకారం అక్కడ 45 వేలకు పైగా భారత పౌరులున్నారు. ఆరేళ్ల ముందుతో పోలిస్తే ఇది దాదాపు నాలుగు రెట్లు. ఐటీ, వైద్య రంగాల ఉద్యోగాలకు వెళ్లిన ఈ కుటుంబాల్లో చెస్ మీద ఆసక్తి ఎక్కువ. ఆన్‌లైన్ కోచింగ్ వల్ల డబ్లిన్‌లోని పిల్లవాడు విజయవాడలోనో చెన్నైలోనో ఉన్న కోచ్ దగ్గర నేర్చుకోవచ్చు. కాబట్టి మంచి జూనియర్ల సంఖ్య పెరుగుతుంది.

నిర్వాహకుల సంఖ్య అదే వేగంతో పెరిగే సూచన లేదు. ఇదే ఆందోళన కలిగించే విషయం. పది మంది పిల్లలు నార్మ్ స్థాయికి చేరుకున్నప్పుడు ఏడాదికి ఒకటో రెండో పోటీలు సరిపోవు. మూడు మార్పులు జరిగితే చిక్కు కొంత విడిపోతుంది. పోటీల నిర్వహణకు కనీసం ఒక్కరికైనా జీతం ఇచ్చి పెట్టుకోవడం మొదటిది. లీగు సీజన్ మధ్యలో 9 రౌండ్ల పోటీకి ఒక స్థిరమైన వారం కేటాయించడం రెండోది. అప్పుడు విదేశీ ఆటగాళ్లు ముందే టికెట్లు కొనుక్కోగలరు. మూడోది, నార్మ్‌కు దగ్గర్లో ఉన్న యువ ఆటగాళ్లను కమిటీ పదవుల నుంచి రెండు, మూడేళ్లు తప్పించడం. వినడానికి చిన్నదిగా ఉన్నా డబ్బు ఖర్చు లేని మార్పు ఇదొక్కటే. చేయి ఎత్తినవారికల్లా పని అప్పగించే అలవాటు ఉన్న క్లబ్‌లకు ఇదే కష్టం కూడా.

అక్కడికి కొత్తగా వెళ్లిన తెలుగు కుటుంబాలకు దీనితో నేరుగా సంబంధం ఉంది. మన దగ్గర ఎంట్రీ ఫీజు కట్టి పిల్లవాడిని హాల్లోకి పంపితే తల్లిదండ్రుల పని అయిపోతుంది. ఐర్లాండ్‌లో ఆ హాలు తెరిచేది మరో పిల్లవాడి తండ్రో, ఇరవై ఏళ్ల విద్యార్థో అయి ఉంటారు. శరదృతువులో లీగులు మొదలయ్యే ముందు క్లబ్‌లు కొత్త సభ్యులను చేర్చుకుంటాయి. పిల్లవాడిని చేర్పించేటప్పుడే గార్దా పరిశీలనకు దరఖాస్తు పెట్టి, నెలకో సాయంత్రం బోర్డులు సర్దడానికి, పిల్లల విభాగం చూసుకోవడానికి ఒక తల్లో తండ్రో ముందుకు వస్తే, ఆ క్లబ్‌లో ఇప్పుడు ఆ పని చేస్తున్న యువ ఆటగాడు ఆ సాయంత్రం తన ఆట ఆడుకోగలడు.